వార్తల పేజీలో మంచుకొండ

సౌదీకి మంచుకొండ వస్తోందని 1977లో లోకమంతా చదివింది. నవ్వుల పేజీలో కాదు, వార్తల పేజీలోనే. అంటార్కిటికాలో 10 కోట్ల టన్నుల మంచుగడ్డను చూసి పెట్టుకుంటారు. ఎండకు కరగకుండా బట్టా, ప్లాస్టిక్కూ చుడతారు. అరడజను టగ్గు నౌకలు ఎనిమిది నెలలు లాగి లాగి దాన్ని జిద్దా పక్కన నిలబెడతాయి. ఖర్చు 10 కోట్ల డాలర్లు. చాయ్ బండి దగ్గర పుట్టిన కబురు కాదిది. దీని వెనక ఉన్నది ఫైసల్ రాజు కొడుకు మహమ్మద్ అల్ ఫైసల్. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్రభుత్వ సంస్థను నడిపిన మనిషి. ఎడారిలో బిందెడు నీళ్లకు ఎంతవుతుందో తెలిసినవాడు కాబట్టే మంచుకొండ ఆయనకు చౌక బేరంగా కనిపించింది. జార్జ్ మూజాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు లెక్కలు కట్టిపెట్టాడు.

ఆ ఏడాది అక్టోబరులో ఈ సంగతి తేల్చడానికి అంతర్జాతీయ సదస్సు పెట్టారు. ఎక్కడయ్యా అంటే, అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీలో. ఏ దిక్కుకు నడిచినా సముద్రం కనపడని రాష్ట్రం అది. సదస్సుకు కళ రావాలని అలాస్కా నుంచి రెండు టన్నులకు పైబడిన మంచుముక్కను హెలికాప్టర్లో, విమానంలో, ఆఖరికి లారీలో తెచ్చారు. మేధావులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. తర్వాత దాన్ని పగలగొట్టి అతిథుల గ్లాసుల్లో వేశారు. సౌదీ మంచుకొండ పథకం వల్ల ఎవరి గొంతయినా తడిసిందంటే అది ఆ సాయంత్రమే.

పథకం ఏమైంది? ఏమీ కాలేదు. భూమధ్యరేఖ దాటేసరికి మిగిలేది తాడేనని నిపుణులు అన్నారు. దాటినా చిక్కే. ఎర్రసముద్రానికి దక్షిణపు వాకిట్లో లోతు 150 మీటర్లు కూడా లేదు, అంత పెద్ద మంచుకొండ నీటి అడుగున అంతకంటే లోతుకు దిగి ఉంటుంది. ఎనిమిది నెలలు లాక్కొచ్చి గుమ్మంలో ఇరుక్కుపోవడమన్నమాట. యువరాజు మంచును వదిలి ఇస్లామిక్ బ్యాంకింగులోకి వెళ్లాడు. 1981లో ‘దార్ అల్ మాల్ అల్ ఇస్లామీ’ స్థాపించి ఆ రంగంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. సౌదీ మాత్రం సముద్రాన్ని వడగట్టుకునే పాత పనిలోనే ఉండి, అందులో ప్రపంచంలో మొదటి వరసకు చేరింది. మూజాన్ ఒక్కడే పట్టు వదల్లేదు. ముప్పై ఏళ్లు గడిచాక కంప్యూటర్లో చిన్న మంచుకొండను కెనడా వైపు నుంచి కేనరీ దీవుల దాకా లాగించి చూపించాడు. 2017లో పక్కనే ఉన్న ఎమిరేట్స్ నుంచి ఒక కంపెనీ మళ్లీ అదే పాట ఎత్తుకుంది: అంటార్కిటికా నుంచి ఫుజైరాకు మంచుకొండ! నలభై ఏళ్ల ఎండకు మంచుకొండలు ఎన్ని కరిగాయో కానీ ఆ శీర్షిక చెక్కుచెదరలేదు.

భవిష్యత్ కాలంలో రాసిన శీర్షికకు ఒక సుఖం ఉంది. అబద్ధమని ఆ రోజున ఎవరూ అనలేరు. నిజం కాలేదని చెప్పే రోజు వచ్చేసరికి ఆ పేపరు ఏ బజ్జీల కింద నూనె పీలుస్తోందో. నేను చాలాకాలంగా సౌదీ గురించిన పాత వార్తలు పోగేసుకుంటున్నాను. వాటిలో నాకు కనిపించిన తీరు ఒకటుంది. ముహూర్తం పెట్టి, బొమ్మలు గీయించి, ఖర్చుతో సహా ప్రకటించినవి సాగుతూ పోయాయి. ‘ఇక్కడ ఇది ఈ జన్మలో జరగదు’ అని పండితులు వ్యాసాలు రాసినవి మాత్రం ఒక రాత్రి వార్తల్లో రాజాజ్ఞగా వచ్చి పడ్డాయి.

గోధుమల సంగతి కొంచెం వేరు. అది నిజంగానే జరిగింది, అదే దాని దుర్గతి. ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు చెల్లించి ప్రభుత్వం కొనడంతో, 1990ల మొదట్లో ఎడారి దేశం ఏటా 40 లక్షల టన్నుల గోధుమలు పండించి ఎగుమతి కూడా చేసింది. పత్రికలు పచ్చని వలయాల ఫొటోలు వేశాయి. పాతాళం నుంచి తోడిన నీళ్లు మళ్లీ ఊరేవి కావని తర్వాత గుర్తుకొచ్చింది. 2008లో ప్రభుత్వం ఎనిమిదేళ్లలో ఈ సేద్యానికి స్వస్తి అంది. తోడేసిన నీటికి ఎవరూ శ్రద్ధాంజలి ప్రకటన వేయలేదు.

అసలు రుచి 2017లో ఉంది. ఆ ఏడాది అక్టోబరు, నవంబరు సౌదీ పేపర్లు తెచ్చి చదివితే నవల అక్కర్లేదు. కథాస్థలం రియాద్‌లోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్. అక్టోబరు ఆఖరి వారంలో అక్కడ పెట్టుబడిదారుల మహాసభ జరిగింది. ఆ సభలోనే 50,000 కోట్ల డాలర్లతో నియోమ్ నగరం ప్రకటించారు. ఆ సభలోనే హాంకాంగ్‌లో తయారైన సోఫియా అనే మరబొమ్మకు సౌదీ పౌరసత్వం ఇచ్చారు. జిద్దాలో పుట్టి, అక్కడే చదివి, అక్కడే గడ్డం నెరిసిన హైదరాబాదీలు ఎందరో ఏటేటా ఇకామా అనే నివాస అనుమతి రెన్యువల్‌కు ఫీజు కడుతూనే ఉన్నారు. సోఫియాకు కఫీల్, అంటే పూచీ పడే యజమాని, లేడు, మెడికల్ లేదు, వేలిముద్ర లేదు. వేలే సరిగ్గా లేదు. వేదిక మీద నాలుగు ముక్కలు మాట్లాడేసరికి పౌరురాలైపోయింది. అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్లు ఇంకా స్టీరింగ్ పట్టలేదు. తలకు గుడ్డ లేకుండా, తోడు మగవాడు లేకుండా వచ్చిన ఈ కొత్త పౌరురాలి గురించి సౌదీ మహిళలు ట్విట్టర్‌లో వేసిన జోకుల ముందు నా జోకులు తీసికట్టు.

సరిగ్గా పది రోజులు తిరిగేసరికి, నవంబరు 4న, అదే హోటల్ రాజకుమారులకూ కోటీశ్వరులకూ బందిఖానా అయింది. అవినీతి మీద విచారణ అన్నారు. గదులు బుక్ చేసుకున్నవాళ్లకు రద్దయినట్టు కబురు వెళ్లింది. లోపల ఉన్నవాళ్లలో ప్రపంచ కుబేరుల జాబితాలో పేరున్న అల్‌వలీద్ బిన్ తలాల్ కూడా ఉన్నాడు. 2018 జనవరి చివర్లో ఆయన ఇంటికెళ్లాడు. ఫిబ్రవరిలో హోటల్ మళ్లీ మామూలు అతిథులకు తలుపులు తీసింది. పెట్టుబడిదారుల సభ మరుసటి ఏడాదీ అక్కడే జరిగింది.

అల్‌వలీద్ పేరు ఎందుకు ఎత్తానంటే, నా దగ్గరున్న శీర్షికల్లో అన్నింటికంటే పొడుగైనది ఆయనదే. 2011 ఆగస్టులో ఆయన కంపెనీ ప్రకటించింది: జిద్దాలో కిలోమీటరు ఎత్తున ప్రపంచంలోకెల్లా పెద్ద భవనం, బిన్‌లాదిన్ గ్రూప్‌తో 460 కోట్ల రియాళ్ల ఒప్పందం, 63 నెలల్లో పూర్తి. అంతకుముందు మాటల్లో అది మైలు ఎత్తు. మైలు కిలోమీటరైంది, ‘కింగ్‌డమ్ టవర్’ పేరు ‘జిద్దా టవర్’ అయింది, 2013లో పని మొదలైంది. యజమాని రిట్జ్‌లో, కాంట్రాక్టు సంస్థ పెద్ద కూడా అక్కడే. 2018 జనవరిలో పని ఆగింది. మూడో వంతు లేచిన ఆ మొండి గోపురం దాదాపు ఏడేళ్లు అలాగే నిలబడింది. ఆ ఏడేళ్లలో కూడా ‘రాబోయే ప్రపంచ ఎత్తైన భవనాలు’ అనే వ్యాసాల్లో దానికి మొదటి స్థానం పోలేదు. కట్టకుండానే ఇంత పేరు తెచ్చుకున్న భవనం మరొకటి లేదు. 2025 జనవరిలో క్రేన్లు మళ్లీ కదిలాయి. ఈసారి 720 కోట్ల రియాళ్లు, 42 నెలలు. షట్టరింగ్ పనికి వెళ్లే మన కార్పెంటర్లకు మాత్రం ఇది నవ్వులాట కాదు. పని ఆగిందంటే క్యాంపులో జీతం ఆగిందని అర్థం, అది ఏ పేజీలోనూ రాదు.

నియోమ్‌కూ ఇదే నడక. 2021లో ‘ది లైన్’ అన్నారు, 2022లో పూర్తి కొలతలు చెప్పారు. 170 కిలోమీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు, అద్దాల గోడలు, 90 లక్షల జనాభా. అంటే జూబ్లీ బస్‌స్టాండ్‌లో మొదలుపెట్టి కరీంనగర్ దాకా రెండు గోడల మధ్య ఒకటే ఊరు. 2024లో వచ్చిన వార్తల ప్రకారం 2030 కల్లా తేలేది 2.4 కిలోమీటర్లు. బస్సు తిరుమలగిరి చేరకముందే కండక్టర్ ‘లాస్ట్ స్టాప్’ అన్నట్టే.

ఇక నిషేధాల శీర్షికలు. ‘సౌదీలో ఫలానాది నిషేధం’ అనే వార్త ప్రపంచంలో ఏ డెస్కు అయినా కళ్లు మూసుకుని వేస్తుంది, చదివేవాడు అనుమానించడు కదా. 2016 జనవరిలో చదరంగం వంతు వచ్చింది. టీవీలో ఒక ప్రశ్నకు జవాబు చెబుతూ ప్రధాన ముఫ్తీ అది కాలానికీ డబ్బుకూ దండగ, మనుషుల మధ్య వైరం పెంచుతుంది, కూడదు అన్నారు. చట్టమేమీ రాలేదు. శీర్షికల్లో మాత్రం చదరంగం నిషేధమైపోయింది. రెండేళ్లు నిండకుండానే, 2017 డిసెంబరులో, ప్రపంచ రాపిడ్, బ్లిట్జ్ చదరంగం పోటీలు జరిగింది రియాద్‌లో. పేరు సల్మాన్ రాజుది, బహుమతుల మొత్తం 20 లక్షల డాలర్లు. ఇజ్రాయెల్ ఆటగాళ్లకు వీసాలు రాలేదు. ఉక్రెయిన్ క్రీడాకారిణి అన్నా ముజిచుక్ ఆ దేశపు ఆంక్షల కింద ఆడలేనని తన రెండు ప్రపంచ టైటిళ్లూ వదులుకుంది. ఆ పట్టుదలకు నా నమస్కారం. రాపిడ్ గెలిచింది మన విశ్వనాథన్ ఆనంద్. నలభై ఎనిమిదేళ్ల వయసులో, మధ్యలో కార్ల్‌సన్‌ను కూడా ఓడించి మరీ. ఇంకో అడుగు ముందుకు వస్తే, 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్పులో చదరంగానికి చోటిచ్చారు. అందులో నాలుగో స్థానంలో నిలిచిన కుర్రాడు మన వరంగల్ అర్జున్ ఎరిగైసి.

పోకెమాన్ కథ ఇంతకన్నా పసందు. 2001లో మతపెద్దలు దాన్ని కూడదన్నారు. జూదం పోలిక ఉందని, సియోనిస్టు గుర్తులు ఉన్నాయని. 2016లో ఫోన్లు పట్టుకుని జనం వీధుల్లో బొమ్మల వేటకు బయలుదేరినప్పుడు ఆ పాత ఫత్వా మళ్లీ పైకి వచ్చింది, పత్రికలు మళ్లీ పండగ చేసుకున్నాయి. తర్వాత? 2022లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నింటెండోలో 5 శాతం వాటా కొంది. 2025లో ఆ నిధి చేతికింద ఉన్న స్కోప్లీ కంపెనీ, ‘పోకెమాన్ గో’తో సహా నియాంటిక్ సంస్థ ఆటల వ్యాపారాన్ని 350 కోట్ల డాలర్లకు తీసేసుకుంది. కూడదన్న బొమ్మను కొనేయడం కూడా ఒక పరిష్కారమే. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన వేసిన పత్రిక నా కంటపడలేదు.

మధ్యలో ఒక రాబందును పలకరించి పోదాం. 2011 జనవరిలో హాయిల్ ప్రాంతంలో ఒక రాబందు దొరికింది. కాలికి ‘ఆర్65’ అని పట్టీ, ఒంటికి ట్రాన్స్‌మిటర్, దాని మీద టెల్ అవీవ్ యూనివర్సిటీ పేరు. ఇంకేం, మొస్సాద్ గూఢచారి దొరికిందని అన్ని భాషల్లోనూ మోగిపోయింది. సౌదీ వన్యప్రాణి సంస్థ అధిపతిగా ఉన్న యువరాజు బందర్ బిన్ సౌద్ ముందుకొచ్చి, ఇవి పక్షుల రాకపోకల మీద పరిశోధనకు పెట్టే పరికరాలే, విలేకరులు తొందరపడ్డారు, రాబందును వదిలేస్తాం అన్నాడు. పట్టుబడిన వార్త చదివినవాళ్లు నాకు ఎందరో దొరికారు. విడుదల వార్త చదివినవాళ్లను మాత్రం ఇంకా వెతుకుతున్నాను.

ఆడవాళ్ల డ్రైవింగ్ దగ్గర నవ్వు కొంచెం గొంతుకు అడ్డం పడుతుంది. 1990 నవంబరులో 47 మంది మహిళలు రియాద్ వీధుల్లో కార్లు నడిపి ఉద్యోగాలూ పాస్‌పోర్టులూ పోగొట్టుకున్నారు. 2013లో ఒక మతపెద్ద, స్టీరింగ్ పడితే అండాశయాలకు హాని అన్నాడు. 2017 సెప్టెంబరులో మరొకాయన, బజారుకు వెళితే ఆడవారి తెలివి పావు వంతుకు దిగిపోతుంది కాబట్టి లైసెన్సు ఇవ్వకూడదన్నాడు. ఆయన్ను ప్రసంగాలు చేయకుండా ఆపేశారు. ఆ వార్త పాతబడకముందే, 26వ తేదీ రాత్రి రాజాజ్ఞ: ఇక నడపవచ్చు. మరుసటి ఏడాది జూన్ 24న అమల్లోకి వచ్చింది. దానికి ఐదారు వారాల ముందే, నడపనివ్వండి అని ఏళ్ల తరబడి అడిగిన లుజైన్ అల్ హథ్లూల్ లాంటివాళ్లను అరెస్టు చేశారు. ఆమె బయటికి వచ్చింది 2021లో. కోరిన వరం ఇచ్చి కోరినవాళ్లను లోపల వేయడం ఏ పురాణంలోనూ నేను చదవలేదు.

ఆ రోజుల్లో మన పేపర్లకు కనిపించింది ఇంకో కోణం: హౌస్ డ్రైవర్ల ఉద్యోగాలు గల్లంతు! పాతబస్తీ నుంచి, కరీంనగర్ నుంచి, కడప నుంచి ఆ వీసా మీద వెళ్లినవాళ్ల ఇళ్లకు ఫోన్లు మోగాయి. మేడమ్ కారు నడిపితే మావాడి గతేమిటని తల్లులు అడిగారు. మేడమ్ కారు నడుపుకుని ఆఫీసుకు వెళ్లింది. పిల్లల్ని బడికి దింపడం, కూరగాయలు తేవడం, పెద్దమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లడం డ్రైవర్‌కే మిగిలాయి. హౌస్ డ్రైవర్ వీసాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

మన దగ్గరికి సౌదీ వార్త వచ్చే దారి కూడా చెప్పుకోవాలి. మలయాళీలకు 1999 నుంచి జిద్దా నుంచే ‘మలయాళం న్యూస్’ దినపత్రిక ఉండేది. ఉర్దూ చదివేవాళ్లకు 1994 నుంచి ‘ఉర్దూ న్యూస్’. తెలుగువాడికి అలాంటిది లేదు. రియాద్‌లో చేసిన ప్రకటన ఇంగ్లిష్ ఏజెన్సీ మీదుగా హైదరాబాద్ డెస్కుకు చేరి, అక్కడ ఒక పిడుగో, కత్తో, తీపి కబురో తగిలించుకుని జిల్లా పేజీలోకి వస్తుంది. జగిత్యాలలో ఎవరో దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే, ప్రకటన చేసిన ఆఫీసుకు నాలుగు వీధుల అవతల గదిలో పడుకున్న మనిషికి తెలుస్తుంది. ఇంత ప్రయాణంలో ‘ఎవరికి వర్తిస్తుంది’ అనే ముక్క ఎక్కడో జారిపోతుంది.

నితాఖత్ అలాగే వచ్చింది. 2011లో మొదలైన పథకం. సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారన్న దాన్నిబట్టి కంపెనీలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ప్లాటినం రంగులు. మనకు అది 2013 దాకా కనపడలేదు. కనపడినప్పుడు గల్ఫ్ కల ముగిసిందని రాసేశారు. ఆజాద్ వీసా మీద వెళ్లి ఒకరి పేరున ఇకామా, మరొకరి దగ్గర పనిగా బతుకుతున్నవాళ్లకు అది నిజంగా పిడుగే. అబ్దుల్లా రాజు మూడు నెలల గడువిచ్చాడు, అది జులై 3. మళ్లీ పొడిగించి నవంబరు 3 అన్నాడు. ఔట్‌పాసుల కోసం ఎంబసీ ముందు ఎండలో వరసలు కట్టారు. లక్ష మందికి పైగా భారతీయులు తిరిగొచ్చారు. వచ్చినవాళ్లకు పునరావాసమని, కేరళ తరహా ఎన్నారై పాలసీ త్వరలోనే అని మన నాయకులు చెప్పిన వార్తలూ నా కట్టలో ఉన్నాయి. ఎన్నికల ముందు వాటికి కొత్త తేదీలు పడుతుంటాయి. ఇక గల్ఫ్ కల? ముగిసిందన్న పదేళ్లకు కూడా సౌదీలో భారతీయుల సంఖ్య పాతిక లక్షల పైమాటే. తిరిగొచ్చినవాళ్లలో ఎందరో అప్పు తీరక మళ్లీ ఎక్కిన విమానం అదే.

అన్నింటికంటే ఎక్కువసార్లు అచ్చయిన శీర్షిక ‘సౌదీలో కఫాలా రద్దు’. కార్మికుణ్ని కఫీల్‌కు కట్టేసే పద్ధతే కఫాలా. 2020 చివర్లో రద్దయింది. 2021 మార్చి 14న అమల్లోకి వచ్చినప్పుడు మళ్లీ రద్దయింది. 2025 అక్టోబరులో మన పేపర్లు, చానెళ్లు, యూట్యూబులు కలిసి ఇంకోసారి రద్దు చేశాయి, కోటి ముప్పై లక్షల మందికి విముక్తి అంటూ. అసలు జరిగింది 2021 నాటి మార్పు. ఒక ఏడాది పనిచేసిన కార్మికుడు కఫీల్ అనుమతి లేకుండా కార్మిక శాఖ వారి ‘కివా’ పోర్టల్ ద్వారా కంపెనీ మారవచ్చు, ఇంటికి పోయిరావడానికి ‘అబ్షిర్’ అనే ప్రభుత్వ యాప్‌లో తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మంచిదే, చిన్న సంగతి కాదు. అయితే అందులో చేరని పనులు ఐదు: ఇంటి డ్రైవరు, ఇంటి కాపలా, ఇంటిపని, గొర్రెలూ మేకలూ కాయడం, తోటపని లేదా సేద్యం. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు, నిజామాబాద్ పల్లెల నుంచి మేకల వెనక వెళ్లేవాళ్లు ఏ గడిలో పడతారో చెప్పక్కర్లేదు. శీర్షికలో ‘రద్దు’ అనే మాటకు ఉన్న అక్షరాల సైజులో ఆ ఐదింటినీ వేయాలంటే పేజీ చాలదు కాబట్టి కాబోలు, వేయలేదు.

రియాద్‌లో బత్‌హా అని ఒక పేట ఉంది. శుక్రవారం సాయంత్రం అక్కడ మన మాటలే ఎక్కువ వినిపిస్తాయి. నిరుడు ఆ వార్త గుప్పుమన్నప్పుడు చాయ్ తాగుతున్న ఇద్దరి మధ్య సంభాషణ ఒక మిత్రుడు చెప్పాడు. చిన్నవాడు ఫోన్ చూపించి, “అన్నా, కఫాలా తీసేసిండ్రట గదా?” అన్నాడట.

“ఎన్నోసారి తమ్మీ?”

“గట్ల గాదే, ఈసారి ఫొటోతోని ఏసిండ్రు.”

“ఫొటో సంగతి ఇడిసిపెట్టు. కివా ఓపెన్ చెయ్. నీ పేరు ఏ కంపెనీ కింద ఉన్నదో ముందుగాల అది సూడు.”